ఎలక్ట్రిక్ గిటార్‌కి కొత్త పికప్: ఏది కొనాలి, ఎలా కొలవాలి, ఎలా బిగించాలి

కేటలాగ్ తెరిచే ముందు ఒక కాగితం తీసుకుని, ఇప్పుడున్న పికప్‌తో (స్ట్రింగ్స్ కింద ఉండి వాటి కదలికని యాంప్‌కి సిగ్నల్‌గా పంపే భాగం) మీ ఇబ్బంది ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి. ‘సౌండ్ బాగాలేదు’ అని రాస్తే పనికిరాదు. ‘నెక్ పికప్‌లో కార్డ్ కొడితే లావు స్ట్రింగ్స్ ముద్దగా కలిసిపోతున్నాయి’, ‘డిస్టార్షన్ పెంచితే కీచుమంటోంది’, ‘బ్రిడ్జ్ పికప్‌లో లీడ్ వాయిస్తే చెవిలో గుచ్చుకుంటోంది’ అన్నంత స్పష్టంగా ఉండాలి. ఏ పికప్ కొనాలో ఆ వాక్యమే చెబుతుంది. అసలు కొననక్కర్లేదని తేలే సందర్భాలూ తక్కువేం కాదు.

1. తప్పు పికప్‌దేనా?

మొదట హమ్, అంటే ఆగకుండా గుయ్‌మనే శబ్దం సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్. సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్ ఆ 50నీ, దాని పై రెట్లైన 100, 150లనూ కూడా స్ట్రింగ్ శబ్దంతో పాటు యాంప్‌కి పంపుతుంది. పరీక్ష తేలిక. వాల్యూమ్ పెంచి, గిటార్ మెడలో వేసుకుని, నిలబడ్డచోటే మెల్లగా చుట్టూ తిరగండి. తిరిగేకొద్దీ గుయ్‌మనే శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఉంటే కాయిల్ చుట్టుపక్కల ట్రాన్స్‌ఫార్మర్ల అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుంటోందని అర్థం. దీనికి మందు హంబకర్ (రెండు కాయిల్స్‌తో హమ్‌ని కొట్టేసే పికప్), లేదా నాయిస్‌లెస్ సింగిల్ కాయిల్. ఎటు తిరిగినా మారకుండా, స్ట్రింగ్స్ మీద చెయ్యి పెట్టగానే తగ్గిపోయే జరజర శబ్దమైతే అది షీల్డింగ్ లోపం. పికప్ కూర్చునే గుంత లోపలా, పిక్‌గార్డ్ వెనకా కాపర్ టేప్ అతికించి గ్రౌండ్‌కి కలిపితే చాలావరకు పోతుంది. దీనికోసం హంబకర్ కొంటే డబ్బు దండగ.

స్ట్రింగ్స్ మీద చెయ్యి పెడితే హమ్ పెరిగినా, వేళ్లకి చిమచిమలాడినా వెంటనే ఆపేసి యాంప్ ప్లగ్ తీసేయండి. గోడ సాకెట్‌లో ఎర్త్ రావడం లేదన్న అనుమానం గట్టిగా పడాలి. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక వైరు ఉండదు. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఇది ప్రాణం సంగతి, పికప్ సంగతి తర్వాత. ఫ్యాన్ స్పీడుని గుండ్రంగా తిప్పే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు, లైట్ డిమ్మర్లు, స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లు కూడా బాగా చప్పుడు చేస్తాయి. ఒక్కొక్కటీ ఆపి చూడండి.

డిస్టార్షన్‌లో కీచుమనడం రెండు రకాలు. స్ట్రింగ్స్‌ని అరచేత్తో గట్టిగా అదిమిపట్టినా కీచు ఆగకపోతే పికప్ మైక్రోఫోనిక్ అయింది: లోపల కాయిల్ చుట్టో, పై మూతో వదులుగా కదులుతోంది. పెన్సిల్‌తో పికప్ మీద తట్టండి. ఆ టకటక యాంప్‌లో పెద్దగా వినిపిస్తే నిర్ధారణ అయినట్టే. మైనంలో ముంచిన, అంటే వ్యాక్స్ పాటింగ్ చేసిన పికప్ దీనికి జవాబు. అదిమిపట్టగానే కీచు ఆగిపోతే గెయిన్ ఎక్కువైంది, అంతే.

సౌండ్ త్వరగా ఆరిపోవడం, ఫ్రెట్ల దగ్గర గలగలమనడం, శ్రుతి నిలవకపోవడం పికప్ వల్ల వచ్చేవి కావు (ఒక్క మినహాయింపు కింద వస్తుంది). వాటికి స్ట్రింగ్స్ మార్చి, సెటప్ చేయించండి. తుప్పు పట్టిన స్ట్రింగ్స్‌తో ఏ పికప్‌నీ అంచనా వేయకూడదు.

2. స్క్రూడ్రైవర్‌తో అయ్యే పని ముందు చేయండి

పికప్ ఎత్తు మార్చితే వచ్చే తేడా, కొత్త పికప్‌తో వచ్చే తేడాకి కొన్నిసార్లు ఏమాత్రం తీసిపోదు. అన్నిటికంటే లావు, అన్నిటికంటే సన్నం స్ట్రింగ్స్‌ని ఆఖరి ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టి, స్ట్రింగ్ అడుగు నుంచి పికప్ పోల్ (ఒక్కో స్ట్రింగ్ కింద కనిపించే లోహపు ముక్క) పై దాకా ఎంత ఉందో మి.మీ. స్కేలుతో కొలవండి. మామూలు స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్) సింగిల్ కాయిల్‌కి లావు వైపు 2, సన్నం వైపు 1.6 మి.మీ. దగ్గర మొదలుపెట్టండి. హంబకర్ అయితే బ్రిడ్జ్ దగ్గర 1.6, నెక్ దగ్గర 2.4 మి.మీ. ఇవి మొదలుపెట్టే అంకెలు మాత్రమే. అక్కడినుంచి స్క్రూ అర చుట్టు తిప్పడం, వినడం, మళ్లీ అర చుట్టు.

నెక్ పికప్ ముద్దగా ఉందా? కిందికి దించండి, లావు వైపు ఇంకొంచెం ఎక్కువగా. ఆ తర్వాత హంబకర్ పోల్ స్క్రూలు సన్నం స్ట్రింగ్స్ కింద కాస్త పైకి తీయండి. గిటార్ గొంతు అప్పుడు తెరుచుకుంటుంది. పికప్ బలహీనంగా ఉందా? పైకి లేపండి, కానీ ఒక హద్దు వరకే. స్ట్రాట్‌లో రాడ్ మాగ్నెట్లు నేరుగా స్ట్రింగ్ కిందే ఉంటాయి. మరీ దగ్గరికి లేపితే అవి స్ట్రింగ్‌ని లాగి దాని కదలికని చెడగొడతాయి. లావు స్ట్రింగ్‌ని 12వ ఫ్రెట్ దాటి వాయించినప్పుడు ఒకే స్వరం రెండు శ్రుతుల్లో వణికినట్టు వినిపిస్తే కారణం ఇదే. ట్యూనర్ ముల్లు నిలవదు, ఇంటొనేషన్ ఎంత సరిచేసినా కుదరదు. ముందు చెప్పిన మినహాయింపు ఇది: శ్రుతి తప్పు నిజంగానే పికప్‌ది, కానీ మందు దాన్ని కిందికి దించడం.

పాట్‌లు, అంటే వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే పొటెన్షియోమీటర్లు కూడా చూడండి. హంబకర్‌కి 250 కిలో ఓమ్స్ వాల్యూమ్ పాట్ ఉంటే పై ఫ్రీక్వెన్సీలు కొంత గ్రౌండ్‌లోకి పోయి ముద్దగా వినిపిస్తుంది. సింగిల్ కాయిల్‌కి 500 ఉంటే గుచ్చుకుంటుంది. సాధారణ నియమం సింగిల్‌కి 250, హంబకర్‌కి 500. అంకె పాట్ వెనక ముద్రించి ఉంటుంది. పాట్ మార్చడంతోనే మీ కాగితం మీది ఫిర్యాదు తీరిపోతే పికప్ ఖర్చు మిగిలినట్టే.

3. పట్టేదేదో కొలుచుకోండి

ఫిర్యాదు ఇంకా అలాగే ఉంటే ఇప్పుడు టేపు తీయాలి. తప్పు కొనుగోళ్లలో ఎక్కువ భాగం సౌండ్ నచ్చక కాదు, గుంతలో పట్టక జరుగుతాయి.

హంబకర్ పై కొలత సుమారు 70 × 38 మి.మీ. స్ట్రాట్ సింగిల్ కాయిల్ కూడా పొడవు 70 దగ్గరే, వెడల్పు మాత్రం 18. అందుకే సింగిల్ కాయిల్ సైజులో రెండు సన్నని కాయిల్స్ పక్కపక్కనే పెట్టిన రైల్ హంబకర్లు తయారుచేస్తారు. చెక్క తొలవకుండా స్ట్రాట్‌లో బిగించవచ్చు. పీ-90 అనే ఇంకో రకం సింగిల్ కాయిల్ వీటికంటే పొడుగు, సుమారు 85 మి.మీ. హంబకర్ గుంతలో మామూలు పీ-90 కూర్చోదు, హంబకర్ సైజులో చేసిన పీ-90 అడిగి తీసుకోవాలి. టెలీకాస్టర్‌కి బ్రిడ్జ్ పికప్, నెక్ పికప్ రెండూ వేర్వేరు ఆకారాలు, ఒకదాని చోట ఇంకొకటి పట్టదు.

పిక్‌గార్డ్ విప్పి లోతు కూడా చూడండి. తక్కువ ధర గిటార్లలో బాడీ మందం తగ్గించి చేసినవి ఉంటాయి, వాటిలో గుంత లోతు కూడా తక్కువే. హంబకర్ రెండు చివర్లా ఉండే లోహపు కాళ్లు కొన్నిటికి పొట్టి, కొన్నిటికి పొడుగు. పొడుగు కాళ్లు, వాటినుంచి కిందికి పొడుచుకొచ్చే ఎత్తు స్క్రూలు గుంత అడుగుకి తగిలితే పికప్ కిందికి దిగదు. అప్పుడు స్క్రూ కత్తిరించుకోవడం సులువు. కాళ్లే తగులుతుంటే చెక్క తొలవాల్సి వస్తుంది. అది వడ్రంగి పని కాదు, గిటార్ బాగుచేసే మనిషికే ఇవ్వండి.

తర్వాత స్ట్రింగ్ స్పేసింగ్. పికప్ సరిగ్గా ఉండే చోట, మొదటి స్ట్రింగ్ మధ్య నుంచి ఆరో స్ట్రింగ్ మధ్యకి కొలవండి. గిబ్సన్ పద్ధతి హంబకర్లలో పోల్స్ మధ్య దూరం 49 మి.మీ. దగ్గర ఉంటుంది. ఫెండర్ తరహా, ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జ్‌లకి 51 నుంచి 53 మి.మీ. కావాలి. పికప్‌లు చేసే కంపెనీల్లో డిమార్జియో దీన్నే ఎఫ్-స్పేస్డ్ అంటుంది, సేమర్ డంకన్ ట్రెంబకర్ అంటుంది. ఒక మి.మీ. అటూ ఇటూ అయితే హంబకర్ సౌండ్‌లో పెద్దగా తేడా రాదు, చూపుకే తేడా. రాడ్ మాగ్నెట్ సింగిల్ కాయిల్‌తో మాత్రం జాగ్రత్త. స్ట్రింగ్ రాడ్ అంచుకి జరిగి ఉంటే బెండ్ చేసినప్పుడు సౌండ్ పడిపోతుంది. నెక్ వైపు స్ట్రింగ్స్ దగ్గరగా వస్తాయి కాబట్టి అక్కడ చిన్న స్పేసింగే సరి.

స్ట్రాట్ పోల్స్ ఎత్తుపల్లాలు కూడా గమనించండి. పాత డిజైన్‌లో మూడో స్ట్రింగ్ కింది పోల్ పొడవుగా ఉండేది, ఎందుకంటే ఆ రోజుల్లో మూడో స్ట్రింగ్‌కి తీగ చుట్టి ఉండేది. ఇప్పుడు మనం వేసేది చుట్టు లేని స్ట్రింగ్. పాత పద్ధతి పికప్ పెడితే మూడో స్ట్రింగ్ ఒక్కటే మిగతావాటి మీద అరుస్తుంది, ఫింగర్‌బోర్డ్ చదునుగా ఉండే కొత్త గిటార్లలో ఇంకా ఎక్కువగా. ‘వింటేజ్ స్టాగర్’ అన్న మాట చూసి మురిసిపోకండి, సమంగా ఉన్న పోల్స్ చాలామందికి మేలు.

4. అంకెలు చదవడం నేర్చుకోండి

పికప్ పేజీలో అందరూ మొదట చూసేది డీసీ రెసిస్టెన్స్, అంటే కాయిల్ తీగ నిరోధం. స్ట్రాట్ సింగిల్ 6 కిలో ఓమ్స్, పాత తరహా హంబకర్ 8, హాట్ (చుట్లు ఎక్కువ వేసి బలం పెంచిన) హంబకర్ 14 నుంచి 16. అంకె పెద్దదైతే సౌండ్ పెద్దదని అనుకోవడం మామూలు. ఒకే వైరు, ఒకే మాగ్నెట్, ఒకే ఆకారం అయితే అది కొంతవరకు నిజం. వైరు మారితే లెక్క తప్పుతుంది. 42 గేజ్ వైరు బదులు సన్నని 43 గేజ్ వైరు అదే పొడవు చుడితే రెసిస్టెన్స్ నాలుగో వంతు పైగా పెరుగుతుంది, ఔట్‌పుట్ మాత్రం పెరగదు. రెండు కంపెనీల పికప్‌లని ఈ అంకెతో పోల్చడం అందుకే మోసపోవడం.

వేడి కూడా కలిసొస్తుంది. రాగి రెసిస్టెన్స్ ఒక్కో డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 8 కిలో ఓమ్స్ చూపే కాయిల్, మే నెలలో 40 డిగ్రీల గదిలో 8.6 చూపుతుంది. సెకండ్ హ్యాండ్ పికప్ కొలిచి ‘కంపెనీ చెప్పింది 8, ఇది 8.6, నకిలీ’ అని గొడవపడే ముందు ఇది గుర్తుంచుకోండి. గిటార్ విప్పకుండా కేబుల్ పెట్టి, వాల్యూమ్ 10లో ఉంచి, కేబుల్ రెండో చివర కొలిస్తే అసలుకంటే కాస్త తక్కువ వస్తుంది, ఎందుకంటే వాల్యూమ్ పాట్ పక్కనే సమాంతరంగా ఉంటుంది. 8 కిలో ఓమ్స్ పికప్‌కి 500 పాట్ ఉంటే 7.87 కనిపిస్తుంది.

నిజంగా సౌండ్ చెప్పే అంకె ఇండక్టెన్స్. హెన్రీల్లో ఉంటుంది, ఆ వివరం ఇచ్చే కంపెనీలని మెచ్చుకోవాలి. పికప్ కాయిల్, కేబుల్‌లో ఉండే కెపాసిటెన్స్ కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర ఉబ్బుతాయి, దాని పైన సౌండ్ కోసుకుపోతుంది. ఆ ఉబ్బు ఎక్కడుందన్నదే పికప్ స్వభావం. కేబుల్, కాయిల్ కలిపి 600 పికోఫారడ్లు అనుకుని లెక్కేస్తే ఇలా వస్తుంది:

- స్ట్రాట్ సింగిల్, 2.5 హెన్రీలు: 4.1 కిలోహెర్ట్జ్ దగ్గర. అందుకే గలగలలాడే మెరుపు.
- పాత తరహా హంబకర్, 4.5 హెన్రీలు: 3.1 కిలోహెర్ట్జ్.
- హాట్ హంబకర్, 8 హెన్రీలు: 2.3 కిలోహెర్ట్జ్. మధ్య స్వరాలు ముందుకొస్తాయి, పైన మెరుపు పోతుంది.

ఇక్కడే తెలిసిపోతుంది, ఔట్‌పుట్, మెరుపు రెండూ ఒకే ప్యాసివ్ (బ్యాటరీ లేని) పికప్‌లో పూర్తిగా దొరకవని. చుట్లు పెంచితే బలం వస్తుంది, మెరుపు పోతుంది. కేటలాగ్‌లో ‘హై ఔట్‌పుట్, క్రిస్టల్ క్లియర్’ అని పక్కపక్కనే కనిపిస్తే రెండో మాట నమ్మకండి. పొడుగు కేబుల్ కూడా కెపాసిటెన్స్ పెంచి ఉబ్బుని కిందికి లాగుతుంది. 10 మీటర్ల చవక కేబుల్ వాడుతూ ‘నా పికప్ మందంగా ఉంది’ అంటుంటే ముందు 3 మీటర్ల కేబుల్‌తో వాయించి చూడండి.

మాగ్నెట్ గురించి ఇంటర్నెట్‌లో జరిగేంత చర్చ అవసరం లేదు, అయినా తెలిసి ఉండాలి. ఆల్నికో అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన లోహం. ఆల్నికో 2, 3 మెత్తగా లాగుతాయి. పిక్ తగిలిన తొలి క్షణం గుండ్రంగా వస్తుంది. ఆల్నికో 5 బలం, బేస్, ట్రెబుల్ రెండూ కొట్టొచ్చినట్టుంటాయి. సిరామిక్ ఇంకా బలం, బేస్ బిగుతుగా, అటాక్ పదునుగా ఉంటుంది. ‘సిరామిక్ అంటే నాసిరకం’ అన్నది చవక గిటార్ల వల్ల పడ్డ ముద్ర. వాటిలో ఉక్కు పోల్స్ కింద ఒక సిరామిక్ పలక అంటించి వదిలేస్తారు. ఉక్కు పోల్ ఇండక్టెన్స్ పెంచుతుంది కాబట్టి స్ట్రాట్ మెరుపు తగ్గుతుంది. తప్పు మొత్తం మాగ్నెట్ మీదికి తోయలేం. విడిగా అమ్మే పికప్‌ల వ్యాపారానికి దారి వేసింది 1972లో వచ్చిన డిమార్జియో సూపర్ డిస్టార్షన్. దానిలో ఉన్నది సిరామిక్ మాగ్నెట్టే.

మూత సంగతి ఒక్క మాటలో: నికెల్ సిల్వర్ మూత పర్వాలేదు, ఇత్తడి మూత మెరుపుని మింగుతుంది.

5. ఫిర్యాదుని పికప్‌తో జతచేయండి

బాగా అమ్ముడయ్యే గిటార్లలో చాలావాటికి బ్రిడ్జ్ దగ్గర హంబకర్, మిగతా రెండు చోట్ల సింగిల్స్ ఉంటాయి. ఈ అమరికలో ముందు బ్రిడ్జ్ హంబకర్ ఒక్కటే మార్చండి, ఖర్చు పెట్టిన దానికి ఎక్కువ తేడా అక్కడే వస్తుంది. పాటల్లో రిథమ్, కాస్త ఓవర్‌డ్రైవ్, అప్పుడప్పుడు సోలో అయితే సేమర్ డంకన్ 59 లాంటి, 8 కిలో ఓమ్స్ దగ్గరి, ఆల్నికో 5 హంబకర్ చాలు. లీడ్ ముందుకు దూసుకురావాలంటే అదే కంపెనీ జేబీ లాంటిది, అది 16 కిలో ఓమ్స్ దగ్గర ఉంటుంది. మధ్య స్వరాలు మందంగా, పైన ఒక పదును. ఆ పదును కొన్ని గిటార్లలో గుచ్చుతుంది, అలాంటప్పుడు 250 పాట్ పెడితే సర్దుకుంటుంది. జేబీ బ్రిడ్జ్‌లో పెడితే నెక్‌లో జాజ్ మోడల్ పెట్టడం పాత జోడీ. జాజ్ చుట్లు తక్కువ, నెక్ దగ్గర ముద్ద కట్టదు.

నెక్ దగ్గర స్ట్రింగ్ ఊగే వెడల్పు ఎక్కువ కాబట్టి అక్కడి పికప్‌కి చుట్లు తక్కువే కావాలి. బ్రిడ్జ్ మోడల్‌ని నెక్‌లో పెట్టడం బాగా జరిగే తప్పు. ఆ మోడల్ బాగా వినిపించిందని రెండోది కూడా అదే కొంటారు, ఫలితం బురద. పెట్టె మీద ‘నెక్’, ‘బ్రిడ్జ్’ అని ఉందో లేదో చూడండి.

శ్రుతి దించి మెటల్ వాయించేవాళ్లకి బేస్ బిగుతు ముఖ్యం. సిరామిక్ హంబకర్, లేదా యాక్టివ్ ఈఎంజీ 81 బ్రిడ్జ్‌లో, 85 గానీ 60 గానీ నెక్‌లో. యాక్టివ్ అంటే లోపల చిన్న ప్రీయాంప్, దానికి 9 వోల్టుల బ్యాటరీ. బ్యాటరీ పెట్టడానికి చోటుందో లేదో ముందే చూడండి. పాట్‌లు 25 కిలో ఓమ్స్‌వి కావాలి, జాక్ స్టీరియోది కావాలి. కేబుల్ గుచ్చగానే బ్యాటరీ కలిసేది ఆ జాక్ వల్లే. వాయించాక కేబుల్ పీకేయండి, లేకపోతే బ్యాటరీ రాత్రంతా అరుగుతూనే ఉంటుంది. యాక్టివ్, ప్యాసివ్ కలపాలనుకుంటే వైరింగ్ చికాకు. వద్దనే సలహా.

చర్చి వర్షిప్‌లోనో, ఆర్కెస్ట్రాలోనో, జనరేటర్ మీద నడిచే వేదికల మీదో సింగిల్ కాయిల్స్‌తో వాయించేవాళ్లు నాయిస్‌లెస్ సెట్ గురించి ఆలోచించవచ్చు. ఒకదాని మీద ఒకటి పేర్చిన రెండు కాయిల్స్ అందులో హమ్‌ని కొట్టేస్తాయి. అసలు సింగిల్ కాయిల్ మెరుపులో ఒక పాలు తగ్గుతుంది. పాటల మధ్య నిశ్శబ్దం కావాలా, చివరి మెరుపు కావాలా మీరే తేల్చుకోవాలి. మధ్య పికప్ రివర్స్ వౌండ్, రివర్స్ పోలారిటీ (చుట్ల దిక్కూ, అయస్కాంతం దిక్కూ తిరగేసినది) అయితే స్విచ్ 2, 4 స్థానాల్లో మామూలు సింగిల్స్‌లోనూ హమ్ పోతుంది. ఆ రెండు స్థానాలే ఎక్కువగా వాడేవాళ్లు నాయిస్‌లెస్‌కి డబ్బు పెట్టక్కర్లేదు.

హంబకర్, సింగిల్స్ కలిసిన గిటార్‌లో పాట్ ఏది పెట్టాలన్న ప్రశ్నకి చవక జవాబు ఉంది. 500 పాట్ పెట్టి, ఒక్కో సింగిల్ కాయిల్ హాట్ వైరు (సిగ్నల్ తెచ్చే వైరు) స్విచ్‌కి చేరే చోటు నుంచి గ్రౌండ్‌కి 470 కిలో ఓమ్స్ రెసిస్టర్ కలపండి. రెండూ కలిసి 242 అవుతాయి. సింగిల్‌కి 250 పాట్ చూసినట్టే, హంబకర్‌కి 500 అలాగే ఉంటుంది.

కొనేటప్పుడు హంబకర్ ఎప్పుడూ నాలుగు వైర్లదే తీసుకోండి. ఈరోజు అక్కర్లేకపోయినా రేపు కాయిల్ స్ప్లిట్ (ఒక కాయిల్ మాత్రమే పలికించడం) పెట్టుకోవచ్చు, ఫేజ్ (సిగ్నల్ దిక్కు) తిప్పుకోవచ్చు. ధర నమ్మలేనంత తక్కువగా ఉన్న పేరున్న పికప్‌ని అనుమానించండి. విదేశాల నుంచి తెప్పిస్తే కస్టమ్స్ డ్యూటీ కలిపి లెక్కేసుకోండి. సెకండ్ హ్యాండ్ అయితే మల్టీమీటర్ తీసుకెళ్లి రెండు కాయిల్స్‌నీ విడివిడిగా కొలవండి. రెండూ ఇంచుమించు సమానంగా రావాలి. ఒకటి అనంతం చూపితే లోపల వైరు తెగింది.

6. బిగించడం

సామాను: వేడి సర్దుకోగల 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్, ఉలి ఆకారపు కొన, 60/40 రోజిన్ కోర్ సోల్డర్ 0.8 మి.మీ., హీట్ ష్రింక్ గొట్టం, మల్టీమీటర్, స్క్రూడ్రైవర్. షాపుల్లో మొదట చేతికిచ్చే 25 వాట్ల ఐరన్ పాట్ వెనక భాగాన్ని వేడి చేయలేదు. ఎంతసేపు పెట్టినా సోల్డర్ అంటుకోదు, ఆలోగా లోపలి కార్బన్ పట్టీ కాలిపోతుంది. 370 డిగ్రీల దగ్గర, గరుకు కాగితంతో రుద్దిన పాట్ వెనక, మూడు నాలుగు సెకన్లలో పని అయిపోవాలి. పైపులకి వాడే యాసిడ్ ఫ్లక్స్ జోలికి పోకండి, కొన్నాళ్లకి వైరునే తినేస్తుంది. సోల్డర్‌లో సీసం ఉంటుంది. కిటికీ తెరవండి, అయ్యాక చేతులు కడుక్కోండి.

మొదట పాత వైరింగ్ ఫొటో తీయండి, రెండు మూడు వైపుల నుంచి. బయటికి కనిపించే కాయిల్ మీద టేప్ వేయండి. మాగ్నెట్ స్క్రూడ్రైవర్‌ని లాక్కుంటుంది, 0.06 మి.మీ. రాగి తీగ ఒక్క గీతకి తెగుతుంది. పాత పికప్ వైర్లని పాట్ దగ్గరే సోల్డర్ కరిగించి విడదీయండి, మధ్యలో కత్తిరించకండి. పొట్టి వైర్ల పికప్‌ని తర్వాత ఎవరూ కొనరు.

నాలుగు వైర్ల రంగులు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి. సేమర్ డంకన్‌లో నలుపు హాట్, తెలుపు ఎరుపు రెండూ కలిపి టేప్ వేయాలి, ఆకుపచ్చతో పాటు ఒట్టి వైరు గ్రౌండ్‌కి. డిమార్జియోలో ఎరుపు హాట్, నలుపు తెలుపు కలపాలి, ఆకుపచ్చ, ఒట్టి వైరు గ్రౌండ్‌కి. ఒక కంపెనీ పటం చూసి ఇంకో కంపెనీ పికప్ కలిపితే ఒక కాయిల్ మాత్రమే పలకడమో, అసలు సౌండే రాకపోవడమో జరుగుతుంది.

సోల్డర్ చేసే ముందే ఫేజ్ చూసుకోండి. మల్టీమీటర్‌ని 20 కిలో ఓమ్స్ మీద పెట్టి, ఎర్ర ముల్లు హాట్‌కి, నల్లది గ్రౌండ్‌కి తగిలించండి. ఉక్కు స్క్రూడ్రైవర్‌ని పోల్స్ మీద పడుకోబెట్టి ఒక్కసారిగా పైకి లాగండి. అంకె ఒక్క క్షణం పెరుగుతుందా తగ్గుతుందా చూడండి. గిటార్‌లో ఉండబోయే మిగతా పికప్‌కీ ఇదే చేయండి. రెండూ ఒకే దిక్కుకి కదిలితే సరి. ఎదురెదురుగా కదిలితే రెండూ కలిపి వాయించినప్పుడు సౌండ్ బోలుగా, పీలగా వస్తుంది. విడివిడిగా బాగానే ఉంటాయి కాబట్టి చాలామంది దీన్ని కనిపెట్టలేక పికప్‌నే తిడతారు.

ఫేజ్ తిప్పాలంటే మామూలు సింగిల్ కాయిల్‌కి రెండు వైర్లు తారుమారు చేయండి. నాలుగు వైర్ల హంబకర్‌కి హాట్, ఆకుపచ్చ తారుమారు చేసి, ఒట్టి వైరుని గ్రౌండ్‌లోనే వదిలేయండి. ఒక వైరు, దాని చుట్టూ లోహపు జాలీ ఉన్న పాత తరహా పికప్‌ని మాత్రం ఇలా తిప్పకూడదు. జాలీ, అడుగు పలక, మూత అన్నీ హాట్ అయిపోయి భయంకరంగా హమ్ చేస్తాయి. దాన్ని విప్పి మాగ్నెట్ తిరగేయాలి. టెలీకాస్టర్ నెక్ పికప్ లోహపు మూత కూడా ఇలాగే. తిప్పే ముందు మూతని గ్రౌండ్‌కి కలిపే చిన్న జంపర్ కత్తిరించి, మూతకి వేరే వైరు వేసి గ్రౌండ్‌కి కలపండి.

స్ట్రింగ్స్ వేయకముందే కేబుల్ గుచ్చి, స్క్రూడ్రైవర్‌తో ఒక్కో పోల్ మీద మెల్లగా తట్టండి. స్విచ్ ప్రతి స్థానంలో ఏది పలకాలో అదే పలుకుతోందా? హంబకర్ అయితే రెండు వరసల పోల్సూ ఇంచుమించు సమానంగా వినిపించాలి. ఒక వరస మౌనంగా ఉంటే కలపాల్సిన రెండు వైర్ల జాయింట్ ఎక్కడో గ్రౌండ్‌కి తగులుతోంది.

7. బిగించాక తేడా చేస్తే

సౌండ్ వస్తోంది కానీ హమ్ మామూలుకంటే ఎక్కువ, స్ట్రింగ్స్ ముట్టుకున్నా తగ్గడం లేదు: బ్రిడ్జ్ గ్రౌండ్ వైరు ఊడింది. స్ట్రాట్‌లో అది వెనక స్ప్రింగుల లోహపు పంజాకి సోల్డర్ అయి ఉంటుంది. ఈఎంజీ యాక్టివ్‌లకి మాత్రం ఈ వైరు అక్కర్లేదు, తీసేయమనే కంపెనీ సూచన. ముట్టుకోకపోయినా హమ్, ముట్టుకుంటే ఇంకా ఎక్కువైతే జాక్ దగ్గర హాట్, గ్రౌండ్ తారుమారయ్యాయేమో చూడండి.

స్విచ్ మార్చినప్పుడు వాల్యూమ్ ఒక్కసారిగా ఎగిరిపోతోంది: హాట్ హంబకర్‌ని కిందికి దించండి, సింగిల్స్‌ని లేపకండి. ఎక్కువ బలమున్నదాన్ని తగ్గించడమే సరైన దిక్కు.

టోన్ 10లో ఉన్నా ముద్దగానే ఉంది: టోన్ కెపాసిటర్ వేడికి పోయి ఉండొచ్చు, లేదా దాని కాలు వాల్యూమ్ పాట్‌కి తగులుతూ ఉండొచ్చు. కెపాసిటర్ ఒక కాలు తాత్కాలికంగా ఊడదీసి వాయించి చూడండి. మెరుపు తిరిగొస్తే హంబకర్‌కి 0.022 మైక్రోఫారడ్ కొత్తది వేయండి. సింగిల్స్‌కి 0.022 గానీ 0.047 గానీ నడుస్తుంది.

ఎత్తు సర్దుబాటు 2వ భాగంలో చెప్పినట్టే. కాకపోతే కొత్త పికప్‌కి పాత ఎత్తు సరిపోతుందని అనుకోకండి. మాగ్నెట్ బలం మారింది, పోల్స్ మారాయి, కాబట్టి 2.5 మి.మీ. దూరం నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి తీసుకురండి. యాంప్ గెయిన్, ఈక్యూ కూడా మొదటినుంచి పెట్టుకోండి. పాత పికప్‌కి తగ్గట్టు ట్రెబుల్ పెంచి ఉంచిన యాంప్‌లో కొత్త పికప్ గుచ్చుకున్నట్టు వినిపిస్తే ఆ తప్పు దానిది కాదు. ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి నేరుగా పెట్టేవాళ్లు గట్టిగా ఒక కార్డ్ కొట్టి, క్లిప్ లైట్ వెలగకుండా ఇన్‌పుట్ గెయిన్ తగ్గించండి. హాట్ హంబకర్ పెట్టిన చాలామంది ‘కొత్త పికప్ చిరిగిపోతోంది’ అనేది ఇక్కడే.